వాల్స్-ఫాంటసీ (గ్లింకా)

రష్యన్ స్వరకర్త మిఖాయిల్ గ్లింకా (1804–1857) బి మైనర్‌లో కూర్చిన ఆర్కెస్ట్రా వాల్ట్జ్. ఆయన ఒపేరాలకూ, ఆర్కెస్ట్రా రచన ‘కమరిన్‌స్కాయా’కూ ఉన్నంత ప్రచారం దీనికి లేదు. రచనాకాలాన్ని కొందరు 1839 అని, కొందరు 1845 అని, మరికొందరు 1856 అని రాస్తారు. మూడింటికీ ఆధారం ఉంది. రచన పుట్టింది 1839లో, నేడు వినిపించే రూపం 1856 నాటిది అనుకోవడం సబబు.

మొదట ఇది పియానో వాల్ట్జ్. దీన్ని రాసిన ఏడాదే గ్లింకా భార్య నుంచి విడిపోయాడు. యెకతెరీనా కెర్న్‌తో పరిచయమూ, ప్రేమా అప్పటివే. ఇందులోని దిగులుకు ఆ ప్రేమే మూలమని తరచు చెబుతారు. కాదనలేం గానీ, ఆమె ప్రభావం 1840లో కవి పుష్కిన్ కవితకు ఆయన కట్టిన గీతంలో ఇంతకన్నా స్పష్టం. పుష్కిన్ ఆ కవిత రాసింది ఆమె తల్లి అన్నా కెర్న్‌ను ఉద్దేశించి. గ్లింకా దానికి వరస కట్టింది కూతురి కోసం.

వాల్ట్జ్‌కు పేరు తెచ్చింది పావ్లోవ్‌స్క్. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి రష్యా తొలి ప్రజా రైలుమార్గం 1838లో అక్కడిదాకా వచ్చింది. ప్రయాణికులను రప్పించేందుకు స్టేషన్‌లోనే కచేరీలు పెట్టేవారు. అక్కడ సంగీత నిర్వాహకుడు హెర్మన్ వాద్యబృందం దీన్ని వాయించడంతో ‘పావ్లోవ్‌స్క్ వాల్ట్జ్’ అన్న పేరు నిలిచింది. ఆ వాద్యరూపం గ్లింకాది కాదంటారు.

తన చేత్తో ఆయన దీన్ని ఆర్కెస్ట్రాకు మలిచింది 1845లో, పారిస్‌లోని సాల్ హెర్ట్జ్ కచేరీకి. ఆ స్వరప్రతి దొరకలేదు. 1856లో మళ్లీ రాసి, మిత్రుడు కాన్‌స్టంటిన్ బుల్గకోవ్‌కు అంకితమిచ్చాడు. వాద్యకారుల నైపుణ్య ప్రదర్శన మీద గానీ, భారీ వాద్యబలం మీద గానీ ఆధారపడకుండా రాశానని అతనికి రాసిన లేఖలో చెప్పుకున్నాడు. స్వరప్రతి చూస్తే అది నిజమే: తంత్రీవాద్యాలు, జంటలుగా వుడ్‌విండ్స్, రెండు హార్న్‌లు, రెండు ట్రంపెట్లు, ఒకే ఒక్క ట్రాంబోన్, టింపనీ, ట్రయాంగిల్.

నాట్యశాల వాల్ట్జ్‌లలో పదబంధాలు నాలుగేసి, ఎనిమిదేసి బార్లుగా సాగుతాయి. ఇందులో ప్రధాన రాగం మూడేసి బార్లుగా తెగుతుంది. చెవి నాలుగో బారు కోసం ఎదురుచూస్తుండగానే కిందికి జారే ఆ స్వరమాల మళ్లీ మొదలవుతుంది. విషాదానికి కారణం జీవితచరిత్రలో కన్నా ఈ కుదింపులో వెతకడం మేలు. నర్తనానికీ ఇది అడ్డు కాలేదు: జార్జ్ బాలంచైన్ 1953లో ఒకసారి, 1967లో మరోసారి దీనికి బ్యాలే కూర్చాడు.