మగ్గము విడిచిన కథ

హిందూపురము మొదలు పెనుకొండ మీదుగా ధర్మవరము వఱకు, “సినిమా చూచితిమి గదా, నవల చదువనేల?” యను మాట తఱచు వినబడుచుండును. లెక్కలు వ్రాసినవాడను గనుక, ఒక్క నిదర్శనమునకు జమాఖర్చు వేసి ప్రత్యుత్తర మొసంగెదను.

కడప జిల్లాలో జన్మించిన బి.ఎన్. రెడ్డిగారు 1955లో “బంగారుపాప” చిత్రమును వెలువరించిరి. దానికి మూలము, జార్జి ఇలియట్ అను కలముపేరు గల ఆంగ్ల రచయిత్రి 1861లో ప్రకటించిన “సైలస్ మార్నర్” నవల. అందలి నాయకుడు నారబట్టల నేతగాడు. చేయని దొంగతనము నెత్తిన బడగా ఊరు విడిచి, పదునైదేండ్లు ఏకాకియై నేసి, బంగారు నాణెములు కూడబెట్టును. అవి దొంగపాలైన పిదప ఒక అనాథ శిశువు వాని యింట జేరి, పోయిన బంగారమునకు మాఱుగా నిలుచును.

చిత్రమున ఈ పాత్ర కోటయ్య యైనది. పాలగుమ్మి పద్మరాజుగారి మాటలు, కృష్ణశాస్త్రిగారి పాటలు, ఎస్.వి. రంగారావుగారి నటన కథను తెలుగు గడప దాటించినవి. పసిబిడ్డవలన కఠినహృదయము కరగుట యను ప్రాణము చెడలేదు. ఇది జమ.

మగ్గము మాత్రము వానివెంట రాలేదు. ఇది ఖర్చు. నవల చివర సైలస్ తన పూర్వపు పట్టణమునకు బోగా, తాను ప్రార్థించిన మందిరమున్న చోట పెద్ద కర్మాగారము నిలిచియుండును. మరమగ్గముల పోటీ నెఱిగిన ధర్మవరపు నేతన్నకు ఆ పుటల యర్థము ఒకరు చెప్పవలసిన పనిలేదు.

చిత్రము కన్నీరు దెప్పించును. నవల ఆ కన్నీటి వెనుకటి కాలమును జూపును. కావున చూచినవారు చదువుదురుగాక! వెండితెర కెక్కిన నవలలకు మన గ్రంథాలయమున ఈ రజతోత్సవ సంవత్సరమే ఒక బీరువా ఏర్పడుగాక!