ఇనుము మోతలో మా పేర్లు

ముస్లింల సంగీతం అనగానే కవ్వాలీ, గజల్, బరాత్‌లో మర్ఫా. మా గురించి రాసేవాళ్ల కలం అక్కడే ఆగిపోతుంది. మల్కాజ్‌గిరి బస్తీల్లో పెరిగిన మాకు రైలుపట్టాల మోతే తొలి లయ. పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. హెవీ మెటల్‌కు మేం పరాయివాళ్లం ఎట్లా అవుతాం?

అదీ కార్మికవాడలోనే పుట్టింది. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సిన చెయ్యే అది. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు బిగించుకున్నాడు. 1970 ఫిబ్రవరి 13న బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ వచ్చింది.

మన హైదరాబాద్‌తో ముడిపడ్డ డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్. 2016లో, 2018లో చిన్న రికార్డులు తెచ్చి, 2021లో తొలి పూర్తి ఆల్బమ్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' విడుదల చేసింది. బేస్ అబ్బాస్ రజ్వీ, గిటార్లు మొయినుద్దీన్ ఫారూఖీ, రవి నిడమర్తి, డ్రమ్స్ అనికేత్ యాదవ్, గొంతు కౌశల్.

దేవుడు లేడనే పేరు పెట్టుకున్న బృందంలో వీళ్లకేం పని అని అడిగేవాళ్లు మావాళ్లలోనూ ఉంటారు, బయటా ఉంటారు. రవి ఏం నమ్ముతాడో ఎవరికీ పట్టదు. అబ్బాస్ దగ్గరికి వచ్చేసరికే సంజాయిషీ కావాలి.