తెరమీది దొంగచుక్కలు

పీళమేడులో పుట్టి పెరిగిన మాకు విమానముల చప్పుడు కొత్త కాదు. 1940లో మొదలైన కోయంబత్తూరు విమానాశ్రయము మా తెలుగు ఇండ్లకు దాపుననే ఉన్నది. నాయకరాజుల నాటినుండి మదురైలో స్థిరపడిన మన బంధువులకు అక్కడి విమానాశ్రయమును అట్లే పరిచితము. దూరదేశములందున్న పిల్లలు ఉగాదికి వచ్చినచో ఈ రెండుచోట్లనే దిగుదురు. విమానములను దింపువారి కన్ను ఎట్లు మోసపోవునో, ఆ చరిత్రను కొంచెము చెప్పదలచితిమి.

1971 డిసెంబరు 9న తిరువనంతపురమునుండి మదురైకి వచ్చుచున్న ఆవ్రో విమానము దిగుచు చిన్నమనూరు దగ్గరి కొండలకు తగిలినది. అందున్న 31 మందిలో 21 మంది మరణించిరి. అట్టి వార్త విన్నపుడు, రేడార్ అను యంత్రము అంతటను ఉన్నచో చాలునుగదా యని తోచును. మాకును అట్లే తోచెడిది.

రేడార్ చేయు పని దిగుడుబావి గట్టున నిలిచి కేకవేసి ప్రతిధ్వని వినుట వంటిది. రేడియో తరంగమును పంపును. అది దేనికైనను తగిలి తిరిగి వచ్చినచో తెరపై చుక్క పెట్టును. విమానమా, కొంగల బారా అని అడుగదు. అంతుచిక్కని ఇట్టి చుక్కలకు ఇంగ్లండులో ‘దేవదూతలు’ అని పేరు పెట్టిరి. పక్షులును రేడార్‌కు చిక్కునని 1945లో లాక్, వార్లీ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మరియొక చిక్కు గాలిది. నేల చల్లబడి పైగాలి వెచ్చగానున్న రాత్రి తరంగము వంగి నేలకు దిగును. అప్పుడు దూరపు కట్టడములు ఆకాశములోని వస్తువులవలె తెరకెక్కును.

1952 జూలై 19 రాత్రి 11 గంటల 40 నిమిషములకు వాషింగ్టన్ విమానాశ్రయపు తెరమీద ఏడు చుక్కలు కనబడినవి. ఆ దారిన రావలసిన విమానమేదియు లేదు. వారము దాటగనే 26న మరల వచ్చినవి. జెట్ యుద్ధవిమానములను తరిమిరి. అవి చేరువరకు చుక్కలు మాయము! పైలట్లలో ఒకరిద్దరికి వెలుగులు కనబడినవట. 29న వైమానికదళ సేనాని శాంఫర్డ్ పత్రికలవారిని పిలిచి, గాలి వేడిమిలోని తారుమారే కారణము కావచ్చునని చెప్పెను. 1953లో వెలువడిన పౌరవిమానశాఖవారి పరిశోధనయు ఇంచుమించు అదే చెప్పినది. తెరముందు కూర్చున్నవారిలో కొందరు మాత్రము ఒప్పుకొనలేదు. ఏండ్ల తరబడి ఆ పనిలో నలిగినవారి మాటను మేమును తేలికగా కొట్టివేయజాలము. అయితే 1953 జనవరిలో అమెరికా ప్రభుత్వము కూర్చిన శాస్త్రజ్ఞుల సంఘము భయపడినది వేరొకదానికి. ఇట్టి వార్తలు వెల్లువెత్తి, నిజమైన శత్రువు వార్తకు దారి మూయునేమో యని!

మంచెమీది కాపు ఈ మూల నీడను చూచి వడిసెల త్రిప్పుచుండగా, ఆ మూల చిలుకలు కంకులు కొట్టుకొనిపోవుట మన పొలములలో ఎరుగనిదా? పరధ్యానమునకు దొంగచుక్కయే అక్కరలేదు, ఒక కాగితపు చీటీ చాలును. 1991 ఫిబ్రవరి 1 సాయంకాలము లాస్ ఏంజెలస్ టవరులో ఒక ఉద్యోగిని చిన్న విమానమునొకదానిని రన్‌వేపై నిలిపి ఉంచినది. రేడియోలో పలుకని వేరొక విమానమును పిలుచుటలోను, ఇంకొకదాని వివరముల చీటీ వెదకుటలోను పడి, నిలిపినదానిని మరచినది. అదే రన్‌వేపై దిగుటకు పెద్ద విమానమునకు అనుమతి ఇచ్చినది. 35 మంది చనిపోయిరి. నేలమీది విమానములను చూపు రేడార్ ఆనాడు పనిచేయుట లేదు. విచారణసంఘమువారు తప్పును ఆమెయొక్కతె నెత్తిన పెట్టలేదు. ఒకరి పొరపాటును మరియొకరు పట్టుకొను ఏర్పాటును ఆ టవరు యాజమాన్యము చేయలేదని వ్రాసిరి.