ఉప్పు, ఉమ్మి, ఊపిరి: మా అమ్మమ్మ జపమాల వెనకున్న చరిత్ర



గత భాగంలో 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి రాశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, ఎప్పుడూ బాప్టిస్టులు, లూథరన్ల గురించే రాస్తారు. ఆర్.సి.ఎం. వాళ్ల సంగతేంటి? ఆ జపమాలలూ కొవ్వొత్తులూ మన ఆడవాళ్లకు ఏం చేశాయి? మనోధైర్యం ఇచ్చాయా, నోరు మూయించాయా?" అని.

న్యాయమైన ప్రశ్న. మా అమ్మమ్మ ఆర్.సి.ఎం. కాబట్టి జవాబు చెప్పాల్సిన బాకీ నాకుంది. అయితే గుణదల కొండ దగ్గర కాకుండా పుదుచ్చేరి దగ్గర మొదలుపెడతాను. అసలు గొడవ అక్కడే ఉంది.

1703 నవంబరులో పోప్ ప్రతినిధిగా షార్ల్ థామస్ మయ్యార్ ద టూర్నాన్ పుదుచ్చేరిలో దిగాడు. చైనా వెళ్తూ దారిలో ఆగాడు. ఇక్కడి జెస్యూట్ గురువులు ఎలా పనిచేస్తున్నారో విచారించాడు. ఒంట్లో బాగాలేక లోపలి ఊళ్లకు వెళ్లలేదు, విన్నదాన్ని బట్టే 1704 జూన్ 23న ఒక శాసనం రాయించాడు. చరిత్ర పుస్తకాల్లో దాన్ని "మలబారు ఆచారాల వివాదం" అంటారు. పేరు మలబారు అయినా జరిగింది తమిళ, తెలుగు నేలల మీద. ఫ్రెంచి జెస్యూట్లు అప్పుడే పుంగనూరు వైపు తెలుగు ప్రాంతంలో అడుగుపెడుతున్నారు.

ఆ శాసనం దేన్ని నిషేధించిందో చూస్తే, అప్పటిదాకా ఏం నడుస్తోందో తెలుస్తుంది. చరిత్రలో ఇదొక మంచి కిటుకు. "ఇక్కడ ఉమ్మరాదు" అని బోర్డు ఉందంటే అక్కడ ఉమ్ముతున్నారనే కదా.

మొదటిది జ్ఞానస్నానం. పాత పద్ధతిలో గురువు బిడ్డ నోట్లో ఉప్పు పెట్టాలి, బిడ్డ మీద ఊపిరి ఊదాలి, తన ఉమ్మి వేలికి తీసుకుని బిడ్డ చెవులకూ ముక్కుకూ తాకించాలి. చెవులు విచ్చుకోవాలని, మాట వినబడాలని దాని అర్థం. ఇక్కడి పెద్ద కులాల క్రైస్తవులకు ఉమ్మి, ఊపిరి అంటే మైల. అందుకని గురువులు వాటిని వదిలేస్తున్నారు. వదలడానికి వీల్లేదన్నాడు టూర్నాన్.

రెండోది ఆడవాళ్లది. ముట్టులో ఉన్న స్త్రీని గుడిలోకీ పాపసంకీర్తనానికీ రానివ్వడం లేదు. అది కుదరదు, ఆ కారణంతో ఎవరినీ ఆపకండి అన్నాడు.

మూడోది మనది. పరయ క్రైస్తవులు చావుబతుకుల్లో ఉన్నా గురువులు వాళ్ల గుడిసెల్లోకి వెళ్లడం లేదు. గడప దాటితే పెద్ద కులాల వాళ్లు తమను మైలపడినట్టు చూస్తారని భయం. రోగిని బయటికో గుడి దగ్గరికో మోసుకొస్తే తప్ప కడసారి అభ్యంగనం లేదు. టూర్నాన్ దీన్నీ తప్పుపట్టాడు. వాళ్ల ఇళ్లకు వెళ్లి సంస్కారాలు ఇవ్వాలన్నాడు.

ఈ మూడింటినీ కలిపి చదవండి. ముట్టులో ఉన్న ఆడది, జబ్బుపడ్డ మాల మాదిగ, ఎంగిలి. మనువు కూడా వీటినే ఒక గాటన కట్టాడు. ఇక్కడ కట్టింది మాత్రం రోమ్ నుంచి వచ్చిన గురువులు. పైగా వాళ్లు ఆపింది అలాంటిలాంటిది కాదు. మనిషి లోపలి బాధ చెప్పుకునే పాపసంకీర్తనం ఒకటి, చావు ముందు నుదుటి మీద ఒక చెయ్యి పడే అభ్యంగనం ఇంకొకటి. ఈ రోజుల్లో "ఎమోషనల్ హీలింగ్" అంటున్నారే, కేథలిక్ మతంలో దానికున్న రెండు పెద్ద తలుపులూ ఇవే. రెండూ మన గడప ముందు మూసుకున్నాయి.

జెస్యూట్లు ఒప్పుకోలేదు. నలభై ఏళ్లు ఉత్తరాలు, అప్పీళ్లు నడిచాయి. చివరికి 1744లో పోప్ పధ్నాలుగో బెనెడిక్ట్ పెద్ద ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. ఉమ్మి విషయంలో కొన్నేళ్ల సడలింపు దొరికింది. పరయల సంగతికి జెస్యూట్లు చూపించిన దారి, పోప్ ఒప్పుకున్న దారి ఏమిటో తెలుసా? వాళ్ల కోసం వేరే గురువులను పెట్టడం. పెద్ద కులాలకు ఒక స్వామి, మనకు ఇంకో స్వామి. రెండు గ్లాసుల పద్ధతి మన టీ కొట్లలో పుట్టిందనుకుంటాం. దానికి రోమ్‌లో సంతకం పడింది మిత్రులారా.

ఆ తర్వాత చరిత్ర మీకు కొంత తెలిసిందే. తమిళనాడు వడక్కన్‌కుళంలో 1872లో కట్టిన గుడికి ప్యాంటు కాళ్లలా రెండు విడి భాగాలు, మధ్యలో గోడ. వెల్లాలలకు ఒకటి, నాడార్లకు ఒకటి. ఆ గోడ కూలింది 1910లో. ఆ గొడవలో మన పేరే లేదు, రెండు కాళ్లకూ బయటే ఉన్నాం. క్రైస్తవంలోకి వెళ్లిన అంటరానివాళ్ల స్థితి మీద బాబాసాహెబ్ రాసిన వ్యాసాలు ఈ నేపథ్యంతో చదివితే ఆయన కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఇప్పుడు అమ్మమ్మ దగ్గరికి వస్తాను.

మాది గుంటూరు వైపు పల్లె. అమ్మమ్మ ఏడుగుర్ని కని ఇద్దరిని చేతుల్లోనే పోగొట్టుకుంది. తాత తాగి కొట్టేవాడు. ఒకసారి ధైర్యం చేసి పాపసంకీర్తనంలో ఆ సంగతి చెప్పింది. తన పాపం కింద చెప్పుకుంది, అదీ చూడండి. "మొగుడి మీద కోపం పెట్టుకున్నాను స్వామీ" అని. లోపలి నుంచి ఆ గురువు, "మన సిలువ మనమే మొయ్యాలమ్మా" అన్నాడట. అంతే. అమ్మమ్మ ఆ తర్వాత ఏటా ఈస్టర్‌కి తప్ప పాపసంకీర్తనానికి వెళ్లలేదు. వెళ్లినా ఏం చెప్పేదానివే అని అడిగితే, "కోళ్లు పక్కింటి గింజలు తిన్నాయని చెప్పేదాన్ని" అని నవ్వేది.

పాపసంకీర్తనపు పెట్టెకు కూడా ఒక చరిత్ర ఉంది. పదహారో శతాబ్దంలో మిలాన్ ఆర్చ్‌బిషప్ చార్లెస్ బొర్రోమియో దాన్ని పట్టుబట్టి పెట్టించాడు. గురువుకీ ఆడవాళ్లకీ మధ్య చెక్క జల్లెడ ఉండాలన్నది ఆయన నియమం. ఆడవాళ్లకు అది రక్షణే. అదే మిలాన్ నుంచి వచ్చిన మిషనరీలు 1855 నుంచి హైదరాబాదు, కృష్ణా వైపు పనిచేశారు. జల్లెడ మొహాన్ని దాస్తుంది. మన పల్లె భాషను దాచలేదు. "సామీ" అన్న ఒక్క పిలుపుతో లోపలున్నాయనకి ఏ వీధో తెలిసిపోతుంది.

అమ్మమ్మ పాపసంకీర్తనం మానేసింది గానీ జపమాల మానలేదు. నాకు చాలాకాలం ఇది అర్థం కాలేదు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో, మీలో కొందరిలాగే, "మత్తుమందు" అని కొట్టిపారేశాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే తేడా కనబడుతోంది. పాపసంకీర్తనానికి ఒక మగవాడి అనుమతి కావాలి. జపమాలకు అక్కర్లేదు. రెండో వాటికన్ మహాసభ దాకా, అంటే 1960ల దాకా, పూజ లాటిన్‌లో జరిగేది. జపమాల మాత్రం తెలుగులో. అంటే మన ఆడవాళ్లు తమ సొంత భాషలో, తమ సొంత గొంతుతో, గుడి లోపలా బయటా, చదువు రాకపోయినా, చేయగలిగిన ప్రార్థన అది. యాభై మూడు మంగళవార్త జపాలు. నాట్లేసి వచ్చి నడుం విరిగి కూర్చున్న ఆడవాళ్లు ఒకరు సగం చెబితే మిగతావాళ్లు సగం అందుకునేవాళ్లు. అమ్మమ్మ పూసల మధ్య ఖాళీలో పేర్లు చెప్పేది. పోయిన పిల్లల పేర్లు, తిట్టిన ఆసామి పేరు, తాత పేరు. ఏ పేరు ఎందుకు చెప్పేదో ఎవరికీ చెప్పేది కాదు. వ్యాకులమాత పటం ముందు, చచ్చిపోయిన కొడుకుని ఒళ్లో పెట్టుకున్న తల్లి ముందు, ఇద్దరు పిల్లల్ని పాతిపెట్టిన తల్లి కూర్చునేది. అక్కడ సిలువ మొయ్యమని చెప్పేవాడు లేడు.

ఇక గుణదల. 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు అక్కడ అనాథాశ్రమం నడుపుతూ, కొండ గుహలో లూర్దుమాత ప్రతిమ పెట్టాడు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ల. కొబ్బరికాయలు, తలనీలాలు, కొండ ఎక్కడం. చూస్తే ఏ అమ్మవారి జాతరో అనిపిస్తుంది. క్రైస్తవులే కాదు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. అమ్మమ్మకి ఏడాదిలో ఇల్లు వదిలి బయటపడే మూడు రోజులు అవే. వండేది లేదు, ఒడ్డించేది లేదు, తాత లేడు. పక్క ఊళ్ల ఆడవాళ్లతో ఆరుబయట పడుకుని తెల్లార్లూ మాట్లాడుకోవడం. ఆమెకు నయమైంది కొండ మీద మరియమ్మ వల్లా, కొండ కింద ఆ మాటల వల్లా అంటే నేను విడదీసి చెప్పలేను.

లూర్దు కథ ఆమెకు ఒక మఠకన్య చెప్పిందట. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పిల్ల పుల్లలు ఏరుకోవడానికి వెళ్లింది. తండ్రి మిల్లు పోయి, ఆ కుటుంబం ఒకప్పటి జైలు గదిలో బతుకుతోంది. ఆ పిల్లకు చదువు రాదు, ఉబ్బసం. గుహలో కనిపించిన ఆమె ఫ్రెంచిలో కాదు, ఆ పల్లె యాసలో మాట్లాడింది. పైగా ఆ పిల్లని "మీరు" అని సంబోధించింది. పదిహేను రోజులు ఇక్కడికి వచ్చే దయ చేస్తారా అని అడిగింది. ఆ మర్యాదకే బెర్నదెత్ ఆశ్చర్యపోయిందని చెబుతారు.

దర్శనం నిజమా కాదా అన్న చర్చ నాకు అక్కర్లేదు. "ఏమే", "ఒసే" తప్ప ఇంకో పిలుపు ఎరగని పల్లె ఆడవాళ్లకు ఆ "మీరు" ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. అమ్మమ్మ ఈ కథ వందసార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ బుగ్గ మీద వేలేసుకుని అక్కడే ఆగేది. "పుల్లలేరుకునేదాన్ని అండి అందంట!"

ఆమె చిన్నప్పుడు గుంటూరులో ఒక డాక్టరమ్మ ఉండేది. మేరీ గ్లౌరీ, ఆస్ట్రేలియా మనిషి. 1910లో మెల్‌బోర్న్‌లో డాక్టరై, మంచి ప్రాక్టీసు వదులుకుని 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో మఠకన్య అయింది. అప్పటి చర్చి నియమాల ప్రకారం సన్యాసినులు వైద్యం చేయకూడదు. ఈమెకు పోప్ ప్రత్యేక అనుమతి తేవాల్సి వచ్చింది. మఠకన్యలు కాన్పులు చేయవచ్చని రోమ్ అందరికీ ఒప్పుకుంది 1936లో. అప్పటిదాకా మగ డాక్టరుకి చూపించుకోలేని ఆడవాళ్లు ఎందరు పోయి ఉంటారో. గ్లౌరీ స్థానిక ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పింది. 1943లో ఆమె మొదలుపెట్టిన కేథలిక్ ఆసుపత్రుల సంఘం ఇప్పటికీ ఉంది. చర్చి చరిత్రలో నాకు గౌరవం కలిగే పేజీ ఇది. 1704లో గురువు దాటని గడప గుర్తుంది కదా? ఆడవాళ్ల ఒంటి మీద చెయ్యివేసి నాడి చూసింది చివరికి ఇంకో ఆడమనిషే.

ఇంకొక్క సంగతి చెప్పాలి, అసలు ఈ భాగం రాయడానికి కారణం అదే.

నాకు కుల ధ్రువీకరణ పత్రం కావాల్సిన ఏడాది, విచారణకి రెవెన్యూ మనిషి ఇంటికి వస్తున్నాడని ముందే కబురొచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా సంగతి మీకు తెలుసు. మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులైతే మన దగ్గర బీసీ-సీ. కులం పోదు, కాగితం పోతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు వేసి, మతం మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం రక్షణ కూడా వర్తించదని తీర్పిచ్చింది.

ఆ రోజు మా అమ్మ గోడ మీది మరియమ్మ పటం దించి పరుపు కింద పెట్టింది. అమ్మమ్మ తన జపమాలను బియ్యం డబ్బాలో మోచేతి లోతుకి దోపింది. ఆయన వచ్చాడు, గోడ మీద మేకు చూశాడు, పటం ఆకారంలో వెలవని సున్నం చూశాడు, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. మంచివాడే. ఆయన వెళ్లాక అమ్మమ్మ బియ్యంలో చెయ్యి పెట్టి వెతికింది. దారం తెగి ఉంది. పూసలు చాలా రోజులు అన్నంలో వచ్చాయి. దొరికినవన్నీ కడిగి దాచింది, పదకొండు దొరకలేదు. "నా కోసం నువ్వెందుకే దాచుకోవడం" అని నేనేడిస్తే, "కాగితం నీది, తల్లి నాది, రెండూ ఉండాలి" అంది.

1704లో మైల పేరు చెప్పి ఆమె లాంటివాళ్ల దగ్గరికి ఓదార్పు రానివ్వలేదు. ఇప్పుడు తానే కట్టుకున్న ఓదార్పును సాక్ష్యంగా పట్టుకుని కులం కాగితం లాక్కుంటామంటున్నారు. మతం మత్తుమందని అనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అనండి, నేనూ అన్నాను. అనేముందు ఆ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టినవాళ్లతో ఒక్కసారి మాట్లాడండి.

వచ్చే భాగంలో ఆర్.సి.ఎం. విచారణల్లో సమాధుల తోటల గురించి, పల్లెకు వేరే, ఊరికి వేరే అన్న లెక్క గురించి రాస్తాను. మీ ఊరి గుడిలో ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లో, జపమాల ఎవరు చెప్పించేవాళ్లో మీ ఇళ్లల్లో పెద్దవాళ్లను అడిగి రాయండి. పేర్లు వద్దు, ఊరి పేరు చాలు.