పాత పాఠాలకు యజమానులెవరు?

మా గోదావరిఖనిలో మూతబడ్డ బొగ్గుబాయికి కూడా ఒక పటం వుంటుంది. బాయిని వదిలిపెట్టే యాజమాన్యం ఆ పటాన్ని ప్రభుత్వ గనుల తనిఖీ అధికారులకు అప్పగించి తీరాలని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలే చెప్పాయి. ఎందుకో ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. పాతబాయిలో నిలిచిన నీరు పక్కబాయిలో పనిచేసేవాళ్ళ మీదికి వస్తుంది. 1975 డిసెంబరు 27న చస్నాలాలో అలాంటి నీరే విరుచుకుపడి 375 మంది కార్మికులు చనిపోయారు. ఇక్కడ మన 7 ఎల్.ఇ.పి. బాయిలో 2003 జూన్‌లో 17 మంది నీటికి బలయ్యారు. వదిలేసిన ఆస్తికి కూడా దాని యజమాని సమాజానికి జవాబు చెప్పాలనే సూత్రం విలువ ఏమిటో కార్మికులకు బాగా తెలుసు.

పుస్తకాలకూ ఇలాంటి ఏర్పాటే వుంది. 1954 చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా తన పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాతో సహా మరికొన్ని గ్రంథాలయాలకూ పంపాలి. కాని ఆ చట్టంలో కంప్యూటరు పాఠాల మాటే లేదు.

ఈ పోలిక నాకు ఒక అట్టపెట్టెను చూసినప్పుడు తట్టింది. రిటైరయిన ఒక ఉపాధ్యాయుడు తన క్వార్టరు ఖాళీ చేస్తూ నాకు ఆ పెట్టె అప్పగించారు. అందులో ఇరవై ఫ్లాపీలున్నాయి. తొంభయ్యో దశకంలో తన బడి కొన్న పాఠాలవి: అక్షరాలు, ఎక్కాలు, గుణింతాలు. మా కాలేజీలో కంప్యూటరు చెప్పే మిత్రుడొకరు ఒక పాత యంత్రం సంపాదించి నకళ్ళు తీశారు. ఏడింటికి బూజు పట్టింది, అవి చదువుకు రాలేదు. మిగిలిన పదమూడు పాఠాలూ తెరమీద కనిపించాయి. గనికార్మికుల పిల్లలు మొదటిసారి కంప్యూటరు మీద చూసిన ‘అ’ అక్షరం ఇదేనేమో అనుకున్నాను.

ఈ చరిత్ర మన దేశంలో 1984లో మొదలయింది. ఆ విద్యాసంవత్సరంలో కేంద్రప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద 250 బడుల్లో బి.బి.సి. మైక్రో యంత్రాలు పెట్టింది. వాటిని తయారుచేసిన కేంబ్రిడ్జి సంస్థ ఎకార్న్ మరుసటి ఏడాదే ఒలివెట్టీ చేతుల్లోకి పోయింది, ఆ తర్వాత ముక్కలైపోయింది. యంత్రం పోతే పోయింది, దానిమీద నడిచిన పాఠం ఎవరిది?

ఆ 1984లోనే మన కాపీరైటు చట్టాన్ని సవరించి, కంప్యూటరు ప్రోగ్రామును ‘సాహిత్య కృతి’లో చేర్చారు. చట్టం కళ్ళకు ప్రబంధమూ ఎక్కాల ప్రోగ్రామూ ఒకే జాతివి. తెలుగు ఎం.ఏ. చదివినవాడినయినా నాకిందులో అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా గడువు గురించే. కృతికర్త చనిపోయాక అరవయ్యేళ్ళ దాకా హక్కు వుంటుంది. పాతికేళ్ళ యువకుడు 1985లో ఒక పాఠం రాసి, ఎనభై యేళ్ళు బతికాడనుకోండి. ఆ పాఠం ప్రజలది కావాలంటే 2100 సంవత్సరం దాటాలి. ఫ్లాపీ అంతకాలం బతుకుతుందా?

పెట్టెమీద వున్న కంపెనీ పేరు పట్టుకొని నేను వెతికాను. కంపెనీల రిజిస్టరులో దాని పేరు ఎప్పుడో కొట్టివేశారు. అందులో పనిచేసిన ఒకాయన ఫోనులో దొరికారు. “నేను జీతానికి రాసిన సార్. జీతమిచ్చిన్రు, అయిపోయింది. పర్మిషను ఇయ్యనీకి నేనెవన్ని?” అన్నారు. ఆయన మాట చట్టసమ్మతమే. ఉద్యోగి రాసిన కృతికి మొదటి యజమాని, వేరే ఒప్పందం లేకపోతే, అతని యజమానే. బొగ్గు తవ్వినవాడికి బొగ్గుమీద హక్కు లేనట్టే!

ఉన్న ప్రతిని కొన్నవాడు తన వాడుక కోసం నకలు తీసుకోవచ్చు, పదిమందికీ పంచకూడదు. 2012 సవరణ లాభాపేక్షలేని ప్రజా గ్రంథాలయాలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. కృతిని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు, కాని ఆ గ్రంథాలయం దగ్గర డిజిటల్ కాని ప్రతి అప్పటికే వుండాలి. కాగితపు పుస్తకానికి ఈ షరతు సరిపోతుంది. పుట్టుకతోనే డిజిటల్ అయిన పాఠానికి అలాంటి ప్రతి ఎక్కడినుంచి తెస్తాం? యజమాని దొరకని కృతిని ప్రచురించడానికి 31-ఎ సెక్షను కింద అర్జీ పెట్టుకోవచ్చు. 2021 నుంచి ఆ అర్జీ వాణిజ్య న్యాయస్థానానికి పోవాలి. అంతకుముందు, దేశంలో ఎక్కువభాగం తిరిగే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయించాలి. తెలుగు గుణింతాల యజమానిని ఇంగ్లీషు పత్రికలో వెతకాలన్నమాట! ఆ ప్రకటన ఖర్చు భరించగల బడి గ్రంథాలయం మన ప్రాంతంలో ఎక్కడుంది?

ధనిక దేశాలు దీనిని పరిష్కరించాయని అనుకోనక్కర్లేదు. 1086లో రాసిన డూమ్స్‌డే గ్రంథాన్ని ఇంగ్లండులో ఇప్పటికీ చదవవచ్చు. దాని తొమ్మిదివందల యేళ్ళ సందర్భంగా 1986లో బి.బి.సి. లేజరు పళ్ళాలమీద తయారుచేసిన కొత్త డూమ్స్‌డేలో బడిపిల్లలతో సహా పదిలక్షల మందికి పైగా పాలుపంచుకున్నారు. పదహారేళ్ళకే దానిని చదివే యంత్రాలు కరువై, 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్ళు పూనుకోవలసి వచ్చింది. యంత్రం చిక్కు విడిపోయింది గాని, అన్ని చేతుల రాతలకు హక్కుల చిక్కు మిగిలింది. 2018లో బి.బి.సి. తన పాత కంప్యూటరు పాఠాల భాండాగారాన్ని ప్రజలకు తెరవగలిగింది. అది సాధ్యమవడానికి ఒక ముఖ్యకారణం, అడిగితే పలికే యజమాని బతికివుండడం.

మన పెట్టెకు అలాంటి యజమాని లేడు. అయితే రాజ్యాంగం 296వ అధికరణం, వారసులూ యజమానులూ లేని ఆస్తి ప్రభుత్వానికి చెందుతుందని చెబుతుంది. ఆ లెక్కన ఈ గుణింతాలు ఇప్పుడు ప్రభుత్వానివే కావాలని నా వాదన. ప్రజల ప్రభుత్వమైతే ప్రజలవే. ఇదే వాదనతో ఒక దరఖాస్తు రాశాను. పాఠాలను భద్రపరచి, బడులకు ఉచితంగా ఇవ్వనివ్వండని అడిగాను.

మొన్న బజారులో ఆ ఉపాధ్యాయుడు కనిపించి, “ఏమయింది సారూ, ఓనరు దొరికిండా?” అని అడిగారు. దరఖాస్తు రాశానన్నాను. ఎవరికి పంపిన్రన్నారు. కాపీరైటును వారసత్వం లేని ఆస్తిగా లెక్కవేసి చూసుకునే ఆఫీసు ఏదో చెప్పేవాళ్ళు ఇంతవరకూ నాకు కనబడలేదు. కాగితం మీద పై చిరునామా రాయవలసిన చోటు ఇంకా ఖాళీగానే వుంది.