గీత జరిగినా నిలిచిన కలప ఇల్లు: పద్మనాభపురం



మన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిందని మీకు తెలుసు. ఊరు ఉన్నచోటే ఉంది, సరిహద్దు గీత జరిగింది. మన రాష్ట్రం దక్షిణపు కొసన కూడా అలా గీత జరిగిన చోట ఒక పెద్ద కలప ఇల్లు ఉంది. దాని సంగతి చెబుతాను, వినండి.

అది కన్యాకుమారి జిల్లాలో తక్కలై దగ్గరున్న పద్మనాభపురం రాజభవనం. అందులో అన్నిటికన్నా పాత భాగం తాయి కొట్టారం. అక్కడ పనసచెక్కతో చెక్కిన స్తంభం చూడదగ్గది. ముందరి మండపం పైకప్పుకు 90 రకాల పూలు చెక్కారు. మంత్రశాల కిటికీలకు రంగుల అభ్రకం పలకలు అమర్చారు. నల్లగా అద్దంలా మెరిసే నేలకు సున్నం, కొబ్బరిచిప్పల బొగ్గు, గుడ్డు తెల్లసొన కలిపి వాడారని చెబుతారు.

ఇక యజమానులు. 1601 ప్రాంతంలో ఇరవివర్మ కులశేఖర పెరుమాళ్ దీన్ని కట్టించాడని చరిత్ర. 18వ శతాబ్దంలో మార్తాండవర్మ విస్తరించి, రాజ్యాన్నే పద్మనాభస్వామికి అర్పించాడు. ఈ పేరు ఆ స్వామిదే. 1795లో రాజధాని తిరువనంతపురానికి వెళ్లిపోయింది. 1956 నవంబర్ 1న భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఈ ప్రాంతం మన రాష్ట్రంలో కలిసింది. భవనం మాత్రం కేరళ ప్రభుత్వానికే ఉండిపోయింది. నేటికీ తమిళనాడు నేల మీదున్న ఆ ఇంటిని చూసుకునేది కేరళ పురావస్తు శాఖ. 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

కలప ఇంటికి పెద్ద శత్రువులు చెద, తడి. ఒక పెంకు జారితే వాన దూలంలోకి దిగుతుంది. అంటే ఎవరో ఒకరు ఏటా పైకెక్కి చూడాల్సిందే. గీత ఎటు జరిగినా ఇల్లు నిలిచిందంటే అలా చూసేవాళ్లు ఉండబట్టే. మన ఇంటి భాష కూడా అంతే. ఏ రాష్ట్రంలో ఉన్నా, రోజూ ఇంట్లో మాట్లాడి, బడిలో రాసి చూసుకుంటేనే నిలుస్తుంది.

మన పల్లెల్లోనూ టేకు స్తంభాల తొట్టికట్టు ఇళ్లున్నాయి. కొన్నిటిని కలప కోసం విప్పేస్తున్నారు. పిల్లలూ, ఈ సెలవుల్లో మీ ఊళ్లో అలాంటి ఒక్క ఇంటికి వెళ్లండి. ఇంటివారిని అడిగి, ఎవరు కట్టించారో, ఏ కలపో, ఎన్ని తరాలున్నారో తెలుగులో ఒక పేజీ రాసి తీసుకురండి. బడి తెరిచాక చదువుకుందాం.

ప్రధానోపాధ్యాయులు