లేఖన గీతాలు: జానపద శైలి క్రైస్తవ ఆరాధన సంగీతం

బైబిలు వాక్యాలనే సాహిత్యంగా తీసుకొని, జానపద గేయాల వంటి తేలికైన వరుసల్లో, ప్రధానంగా గిటారు తోడుగా ఆరాధనలో అందరూ కలిసి పాడుకొనే పాటలను లేఖన గీతాలు అంటారు. క్రైస్తవుల వాడుకలో లేఖనమంటే బైబిలు గ్రంథం కనుక, కవి సొంతంగా అల్లిన స్తుతిగీతానికీ, యెషయా ప్రవచనాన్నో దావీదు కీర్తననో దాదాపు ఉన్నదున్నట్లుగా వరుసకట్టిన పాటకూ గల తేడా ఈ పేరులోనే తెలుస్తుంది. ఈ ధోరణి 1960ల ద్వితీయార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోను, న్యూజిలాండులోను ఇంచుమించు ఒకే కాలంలో తలెత్తి, తరువాతి పదేళ్లలో బ్రిటనుకు కూడా పాకింది.

లేఖనాన్ని పాడడం మాత్రం అతి ప్రాచీనమైన ఆచారం. యెరూషలేము దేవాలయంలోని కీర్తనలు మొదలుకొని మధ్యయుగపు సన్యాసుల లాటిన్ గానం, 1562 నాటి జెనీవా కీర్తనల సంపుటి, 1640లో మసాచుసెట్స్‌లో అచ్చయిన ఛందోబద్ధ కీర్తనల గ్రంథం వరకు అది తెగకుండా సాగింది. దేశీయమైన వరుసల్లో క్రైస్తవ భక్తిని పాడుకొనే పద్ధతి తెలుగువారికి కూడా పాతదే. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాలతో కూర్చిన కీర్తనలు నేటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిలో నిలిచి ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దపు లేఖన గీతాల పుట్టుకకు రెండు కారణాలు కలిసివచ్చాయి. మొదటిది అమెరికాలో 1950లు, 60ల్లో విజృంభించిన జానపద గీతాల పునరుజ్జీవనం. ఆ ఉద్యమానికి పెద్దదిక్కు అయిన పీట్ సీగర్ బైబిలులోని ప్రసంగి గ్రంథం మూడవ అధ్యాయాన్ని తీసుకొని కట్టిన పాటను బర్డ్స్ బృందం 1965లో పాడి దేశమంతటా మోగించింది. అది ఆరాధన కోసం కట్టిన పాట కాకపోయినా, బైబిలు వచనం అంత్యప్రాసలు లేకుండానే జనం నోట నిలుస్తుందని రుజువు చేసింది. రెండవ కారణం రెండవ వాటికన్ మహాసభ. 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధన శాసనం కతోలిక దివ్యబలిపూజలో ప్రజల భాషలకు చోటు కల్పించగా, అమెరికా విచారణల్లో (స్థానిక కతోలిక సంఘాల్లో) 1964 నవంబరు 29 నుండి పూజలో ఆంగ్లం వినిపించసాగింది. శతాబ్దాలుగా లాటిన్ మాటలకు అమరిన గానం ఆంగ్లానికి ఒదగలేదు. కతోలికుల వద్ద ఆంగ్ల పాటల నిల్వ కూడా తక్కువే. ఆ ఖాళీలోకి గిటారు ప్రవేశించింది. గేయకర్త రే రెప్ గీతాలు, మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే సన్యాసినుల సంఘం 1966లో వెలువరించిన ‘జాయ్ ఈజ్ లైక్ ది రెయిన్’ రికార్డు ఈ తొలి దశకు చెందినవి. సువార్తల్లోని ఉపమానాలను చిన్నపిల్లలకు సైతం పట్టుబడేలా పాడిన ఆ సన్యాసినుల కృషిని మినహాయిస్తే, తొలి దశ పాటల్లో ఉత్సాహం మెండుగానూ లేఖనం కొద్దిగానూ కనిపిస్తాయి.

ఆ కొరత తీరడానికి 1969లో రోము ప్రకటించిన కొత్త పఠనాల పట్టిక తోడ్పడింది. ఆదివారాల పఠనాలను మూడేళ్ల ఆవృత్తిగా విస్తరించి, పాత నిబంధనకు మునుపెన్నడూ లేనంత చోటిచ్చిన ఈ పట్టిక, మొదటి పఠనం తరువాత ఒకరు చరణాలు పాడగా ప్రజలు పల్లవి అందుకొనే ప్రత్యుత్తర కీర్తనను కూడా ప్రవేశపెట్టింది. పల్లవికీ చరణానికీ మధ్య నడిచే ఈ కట్టడి గిటారుకు సహజంగా అమరింది. పూర్వపు ఛందోబద్ధ కీర్తనల్లో నాలుగు పాదాల కొలతకూ ప్రాసకూ లొంగేలా వాక్యాన్ని వంచవలసి వచ్చేది. కొత్త పద్ధతిలోనైతే ప్రజల పల్లవి పొట్టిగా, ఎనిమిది స్వరాల పరిధి దాటకుండా ఉంటే చాలు. చరణం పాడే వ్యక్తి హెచ్చుతగ్గుల వాక్యాలను స్వేచ్ఛగా సాగదీస్తుండగా, గిటారు వాద్యకారుడు జి, సి, డి, ఇ మైనర్ వంటి సులభమైన కార్డులను వేళ్లతో మీటుతూ వేచి ఉండగలడు. పాడేవారి గొంతుకు శ్రుతి పొసగకపోతే తీగలపై కాపో అనే బిగింపు పట్టీని జరిపితే సరిపోతుంది.

ఈ పద్ధతిని పరిపక్వం చేసినవారు ‘సెయింట్ లూయిస్ జెసూయిట్స్’. మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో 1970ల తొలినాళ్లలో గురుత్వానికి తయారవుతున్న యేసుసభ విద్యార్థులు బాబ్ డఫర్డ్, జాన్ ఫోలీ, టిమ్ మానియన్, రాక్ ఒకానర్, డాన్ షుటీ అనే అయిదుగురు తమ పూజల అవసరానికి పాటలు రాసుకోగా, వాటి ప్రతులు చేతులు మారుతూ ఊళ్లు దాటాయి. అరిజోనాలోని నార్త్ అమెరికన్ లిటర్జీ రిసోర్సెస్ సంస్థ వారి తొలి సంపుటి ‘నైదర్ సిల్వర్ నార్ గోల్డ్’ను 1974లోను, ‘ఎర్తెన్ వెసెల్స్’ను 1975లోను, ‘ఎ డ్వెలింగ్ ప్లేస్’ను 1976లోను ప్రచురించింది. 1977లో అదే సంస్థ తెచ్చిన ‘గ్లోరీ అండ్ ప్రెయిజ్’ పాటల పుస్తకం ఎన్నో విచారణల్లో బల్లల మీదికి చేరింది.

వీరి గీతాల బలం లేఖనాన్ని ఎంచి అల్లడంలో ఉంది. డఫర్డ్ రచించిన ‘బీ నాట్ అఫ్రెయిడ్’ రెండవ చరణంలో యెషయా 43వ అధ్యాయంలోని జలాలు, అగ్ని అనే రెండు గండాలను తలచి, చివరి చరణంలో లూకా సువార్త ఆరవ అధ్యాయంలోని ధన్యవచనాలకు చేరుతుంది. ప్రవక్త ద్వారా వినిపించిన అభయానికి యేసు మాటే కొనసాగింపు అనే వేదాంతాన్ని వ్యాఖ్యానం లేకుండా, వరుస క్రమంతోనే చెప్పిన ఈ పాట అంత్యక్రియల్లో ఎక్కువగా వినబడడం సహజమే. ఫోలీ ‘వన్ బ్రెడ్, వన్ బాడీ’కి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆధారం. అన్నిటికన్నా ఎక్కువగా వ్యాపించిన షుటీ గీతం ‘హియర్ ఐ యామ్, లార్డ్’ ఒక స్నేహితుని డీకన్ అభిషేకం కోసం కొద్ది రోజుల గడువులో రాసినది. యెషయా ఆరవ అధ్యాయాన్నీ, బాలుడైన సమూయేలును దేవుడు రాత్రివేళ పిలిచిన కథనూ జోడించిన ఈ పాటలో చరణాలన్నీ దేవుని పలుకులు, పల్లవి మాత్రం పిలుపు విన్న మనిషి జవాబు. ఆ జవాబులో ధైర్యంతోపాటు కొంత తటపటాయింపు కూడా ఉండడమే దీనికి నిజాయితీని ఇచ్చింది. 1989 నాటి యునైటెడ్ మెథడిస్టు పాటల పుస్తకంలో ఈ కతోలిక గీతం చేరడం సంఘాల మధ్య గోడలు ఎంత పలచబడ్డాయో తెలుపుతుంది.

ప్రొటెస్టెంటు సంఘాల్లో ఇదే కాలంలో స్వతంత్రంగా మరో పాయ నడిచింది. న్యూజిలాండులో డేవిడ్, డేల్ గారట్ దంపతులు 1968లో ‘స్క్రిప్చర్ ఇన్ సాంగ్’ పేరిట బైబిలు వచనాల పాటలను రికార్డు చేయడం ప్రారంభించారు. కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో చక్ స్మిత్ కాపరిగా ఉన్న కాల్వరీ చాపెల్‌కు హిప్పీ యువతీయువకులు గిటార్లతో తరలిరాగా, 1971లో అక్కడ మరనాత మ్యూజిక్ సంస్థ వెలిసింది. అంతకుముందు క్లబ్బుల్లో పాడుతూ జీవించిన కేరన్ లాఫర్టీ మత్తయి 6:33పై జరిగిన బైబిలు పాఠం విని వచ్చి కట్టిన ‘సీక్ యీ ఫస్ట్’, ఒక్క వచనాన్నే పాటగా మలచినా విసుగు పుట్టించని అరుదైన రచన. హ్యూస్టన్ నగరంలోని చర్చ్ ఆఫ్ ద రిడీమర్‌లో పుట్టిన ఫిషర్‌ఫోక్ బృందం బ్రిటనుకు వెళ్లి ఈ గీతాలను ఆంగ్లికన్ సంఘాలకు పరిచయం చేసింది. బెట్టీ పుల్కింగ్‌హామ్, జీన్ హార్పర్ కూర్చిన ‘సౌండ్ ఆఫ్ లివింగ్ వాటర్స్’ (1974) ఆ శ్రమకు ఫలం. రాక్ సంగీతాన్ని వదిలి 1978లో కతోలికుడైన జాన్ మైకేల్ టాల్బట్ 1980లో తెచ్చిన ‘కమ్ టు ది క్వైట్’ కీర్తనలను దాదాపు ఒంటరి గిటారు మీద మౌనధ్యానానికి దగ్గరగా నడిపించింది.

వ్యాప్తితోపాటు తగవులూ వచ్చాయి. విచారణలు అనుమతి లేకుండా పాటల ప్రతులు తీసి పంచుకోవడంపై ఎఫ్.ఇ.ఎల్. ప్రచురణ సంస్థ 1976లో షికాగో అగ్రపీఠం మీద దావా వేసింది. థామస్ డే 1990లో ప్రచురించిన గ్రంథంలో, ఈ పాటల్లో ప్రజలు దేవుని మాటలను ఉత్తమపురుషలో తామే పాడుతున్నారని ఆక్షేపించాడు. అయితే 91వ కీర్తన చివరి వచనాల్లో మాట్లాడేది దేవుడే కనుక ఈ ఆక్షేపణ బైబిలు కీర్తనలకు కూడా తగులుతుంది. 1966 నాటి జెరూసలేం బైబిలు అనువాదం ద్వారా ఈ గీతాల్లోకి వచ్చిన ‘యావే’ అనే దైవనామాన్ని ఆరాధనలో పలకరాదని 2008లో వాటికన్ ఆదేశించడంతో, షుటీ 1971లో రాసిన ‘యూ ఆర్ నియర్’ వంటి పాటల్లో ఆ నామం ఉన్నచోట ప్రభువు అనే సంబోధన చేర్చి ప్రచురణకర్తలు కొత్త ముద్రణలు తెచ్చారు.